చేప గుడ్డుకి పడ్డ మందు: పటాన్‌చెరు కథ

మొన్న మిరుగు నాడు మా కల్వకుర్తిలో చేపల కోసం లైన్‌లో నిలబడ్డాం. నేను, మా చిన్నమ్మ కొడుకు. వాడు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ అడిగిండు: "అన్నా, చెరువులో యాంటీబయాటిక్ కలిస్తే మంచిదే కదా? చేపలకు రోగాలు రావు." నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. నేను ఎంపీసీ, తర్వాత బీటెక్. బయాలజీ పదో తరగతితోనే అయిపోయింది. అందుకే కూర్చుని చదివా. ఈ ఎపిసోడ్ వాడి ప్రశ్నకి జవాబు.

కథ 1961లో పెట్టిన ఐడీపీఎల్‌తో, దాని హైదరాబాద్ ప్లాంటుతో మొదలవుతుంది. తర్వాత 1970 పేటెంట్ చట్టం వచ్చింది. మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ అన్నారు. దాంతో మనవాళ్ళు వేరే పద్ధతిలో అదే మందు చౌకగా చేయడం నేర్చుకున్నారు. ఇది నిజంగా గొప్ప విషయం, దాన్ని తక్కువ చేయను. మనం పది, ఇరవై రూపాయలకు గోళీ కొనుక్కుంటున్నామంటే అందులో ఆ చట్టం చలవ ఉంది.

కానీ ఫ్యాక్టరీ నీళ్ళు ఎక్కడికో పోవాలి కదా. పటాన్‌చెరులో అవి ఇసకవాగులోకి, అక్కణ్ణుంచి నక్కవాగులోకి, చివరికి మంజీరలోకి పోయాయి. రైతుల బాధ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. నీళ్ళు శుద్ధి చేయడానికి ఉమ్మడి ప్లాంటు కూడా వచ్చింది. సమస్య తీరిందనే అనుకున్నారు చాలామంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పేపర్ వేసింది. సుమారు 90 మందుల కంపెనీల నీళ్ళు శుద్ధి చేసే ఆ ప్లాంటు నుంచి బయటకొచ్చే నీళ్ళను పరీక్షించారు. శుద్ధి చేశాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. గోళీ వేసుకున్న పేషెంట్ రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకి 45 కిలోలు పోతోందని లెక్క కట్టారు. స్వీడన్ దేశం మొత్తం 5 రోజుల్లో వాడేంత!

ఇప్పుడు చేప దగ్గరికి వద్దాం. 2009లో అదే ప్లాంటు నీళ్ళను జీబ్రా ఫిష్ గుడ్ల మీద, తోకకప్పల మీద పరీక్షించారు. జీబ్రా ఫిష్ అంటే విదేశీ చేప అనుకునేరు, మన దేశపు వాగుల్లో పుట్టిందే. దాని గుడ్డు గాజులా పారదర్శకం. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్క రోజులోనే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది.

వెయ్యి బకెట్ల మంచి నీళ్ళలో రెండు బకెట్లు ఆ నీళ్ళు. అంత పలచన చేసినా తోకకప్పల పొడవు 40 శాతం తగ్గింది. చేప గుడ్లకి ఇంకాస్త ఎక్కువ మోతాదు పట్టింది. కదలిక మారింది, ఒంటికి రంగు సరిగ్గా రాలేదు. నూటికి పది పాళ్ళు కలిసేలోపే సగం చచ్చిపోయాయి.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఆ నీళ్ళలో ఎన్నో మందులు, రసాయనాలు కలిసి ఉన్నాయి. నేరం మొత్తం సిప్రో మీదే వేయలేం. కానీ యాంటీబయాటిక్ పిల్లచేపకి మేలు చేస్తుందనే లెక్క కూడా తప్పు. గుడ్డులోంచి బయటికి రాగానే పేగులో మంచి బ్యాక్టీరియా చేరాలి. అవి లేకుండా పెంచిన జీబ్రా ఫిష్ పేగు సరిగ్గా ఎదగదని ల్యాబ్‌లో చూశారు. ఇంకోటి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు బ్యాక్టీరియానే. టెట్రాసైక్లిన్ లాంటి మందు దాని పనిని కూడా అడ్డుకుంటుంది. అంటే తమ్ముడూ, మందుకి రోగం ఏదో, చేప ఏదో తెలియదు.

పెద్ద చేపలు చచ్చి తేలితే టీవీ వాళ్ళొస్తారు. గుడ్డులోనే పోయిన చేపకి ఫొటో ఉండదు. దాన్ని కాపాడేది కాగితం మీద ఒక అంకె మాత్రమే: లీటరు నీళ్ళలో ఇంతకు మించి యాంటీబయాటిక్ ఉండొద్దు అనే అంకె. కేంద్రం 2020 జనవరిలో డ్రాఫ్ట్‌లో ఆ అంకెలు రాసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ అంకెలు లేవు. నేను రెండుసార్లు వెతికా.

ఇదంతా పటాన్‌చెరు గొడవ, మనకేంటి అంటారా? తర్వాత పైపులైన్ వేసి ఆ నీళ్ళను నగరం మురుగుతో కలిపి అంబర్‌పేట వైపు మళ్ళించారు. అంటే మూసీకి. మూసీ నల్గొండ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇక జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. హైదరాబాద్ నుంచి మా ఊరికి శ్రీశైలం రోడ్డు మీద వస్తుంటే ముచ్చర్ల తగులుతుంది. 19 వేల ఎకరాల పైన ఫార్మా సిటీ అనుకున్నది అక్కడే. ప్రభుత్వం మారాక ఆ వైపే ఫ్యూచర్ సిటీ అంటున్నారు. అక్కడ ఏ ఫ్యాక్టరీ వచ్చినా, దాని పర్మిషన్ కాగితంలో యాంటీబయాటిక్ లిమిట్ ఎంత రాశారని మీరు అడగొచ్చు. ఆర్టీఐ ఎలా వేయాలో పోయిన ఎపిసోడ్‌లో చెప్పా.

ఆ రోజు బొచ్చె రెండు కిలోలు తీసుకున్నాం. తమ్ముడికి జవాబు ఇంటికెళ్ళాక, ముళ్ళు తీస్తూ చెప్పిన.