రెండవ గాగిక్

రెండవ గాగిక్ (సుమారు 1025–1079) ఆర్మేనియాను ఏలిన బగ్రతుని వంశంలో, రాజధాని అనీలో సింహాసనమెక్కిన చివరి రాజు. 1042 నుంచి 1045 వరకు పాలించాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజుగానే చరిత్రలో నిలిచాడు గాని, అసలు ఆ రాజ్యం ఆయన పుట్టకముందే ఒక ఒప్పందంలో చేతులు మారింది.

ఆ ఒప్పందం పెదతండ్రి హోవన్నెస్-స్మ్బాత్ చేసింది. బైజాంటిన్ చక్రవర్తి రెండవ బాసిల్‌తో పోరులో ఆయన జార్జియా రాజు పక్షం వహించాడు. తర్వాత భయం పట్టుకుంది. 1022 చలికాలంలో చక్రవర్తి ట్రెబిజాండ్‌లో విడిది చేసి ఉండగా, ఆర్మేనియా చర్చి అధిపతి పెట్రోస్‌ను రాయబారం పంపి, తన తదనంతరం అనీ చక్రవర్తికే చెందుతుందని రాసిచ్చాడు. అక్కడ ఏసు బాప్తిస్మ పండుగనాడు పెట్రోస్ నీటిని ఆశీర్వదిస్తే నది వెనక్కి పారిందట. అందుకే ఆయనకు ‘గెతదార్జ్’, అంటే నదిని మళ్ళించినవాడు, అన్న పేరు. నది సంగతేమో గాని, రాజ్యం దారి మళ్ళింది మాత్రం అప్పుడే.

1041 ప్రాంతంలో పెదతండ్రి, తండ్రి నాలుగవ అషోత్ ఇద్దరూ గతించారు. ఒప్పందం ప్రకారం అనీని ఇమ్మని బైజాంటియం సేనలను పంపింది. సేనాని వహ్రామ్ పహ్లవుని ఆ సేనలను తిప్పికొట్టి, పదిహేడేళ్ళ కుర్రవాడు గాగిక్‌కు పట్టం కట్టాడు. తొమ్మిదవ కాన్‌స్టంటైన్ చక్రవర్తి అయ్యాక ఒత్తిడి పెరిగింది. ద్విన్ అమీరును కూడా అనీ మీదికి ఉసిగొల్పాడు. చివరకు ప్రమాణాలు చేసి గాగిక్‌ను కాన్‌స్టాంటినోపుల్‌కు పిలిపించారు. వెళ్ళమని నచ్చజెప్పినవారిలో బైజాంటిన్ పక్షపు ప్రభువు వెస్ట్ సర్గిస్ ఒకడు.

అక్కడ గాగిక్ ఎంతకీ రాజ్యం వదులుకోనన్నాడు. అప్పుడు చక్రవర్తి ఆయన ముందు అనీ నగర ద్వారాల తాళంచెవులు పెట్టించాడు: పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడు ఎడెస్సా మాత్తెవోస్ లెక్కలో నలభై. వాటిని పంపింది గాగిక్ సొంత మనుషులే. 1045లో నగరాన్ని అప్పగించింది ఎవరో కాదు, ట్రెబిజాండ్‌కు ఒప్పందం మోసుకెళ్ళిన అదే పెట్రోస్. బైజాంటియానికీ అది దక్కలేదు. పంతొమ్మిదేళ్ళకే, 1064లో, సెల్జుక్ సుల్తాన్ ఆల్ప్ అర్స్లాన్ అనీని పట్టుకున్నాడు.

రాజ్యానికి బదులుగా గాగిక్‌కు కప్పడోకియాలో ఎస్టేట్లు దక్కాయి. అక్కడి గ్రీకులతో పొసగలేదు. కైసరియా మతాధికారి మార్క్ తన కుక్కకు ‘ఆర్మెన్’ అని పేరు పెట్టుకున్నాడని విని, గాగిక్ అతని ఇంటికి విందుకు వెళ్ళి, మనిషినీ కుక్కనూ ఒకే సంచిలో కుక్కించి, కుక్క అతన్ని కరిచి చంపేదాకా దాన్ని కొట్టించాడని మాత్తెవోస్ రాశాడు. పుకారు పాలెంతో చెప్పలేం గాని, నాటి పగ ఎంత ముదిరిందో ఈ కథే చెబుతుంది. 1079లో కిజిస్ట్రా కోటలో గ్రీకు ప్రభువులు గాగిక్‌ను బంధించి చంపారు.