విప్పి చూశాకే మాట

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో దసరాకి రావణుణ్ణి తగలబెట్టే మైదానం మామూలు రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. ఆ ఆదివారం పొద్దున్న అక్కడ ఒక తెల్ల కారు గుండ్రంగా తిరుగుతోంది. స్టీరింగు ఎడమకి చివరిదాకా తిప్పి, ఫస్టు గేరులో, మెల్లగా. మధ్యలో లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ డెబ్బై ఏళ్ల పెద్దాయన చెవి రిక్కించి వింటున్నాడు.

"ఇంకొంచెం తొక్కు... ఆఁ, అదే! ఇన్నావేట్రా? కటకటమంటోంది."

"విన్నాను పెదనాన్నా. ఎడమకి తిప్పితేనే వస్తోంది."

"అయితే కుడిపక్కదే. ఎడమకి తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడతాది కదా. ఇప్పుడు కుడికి తిప్పు."

కుడికి తిప్పితే చప్పుడు లేదు.

ఇద్దరి పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. పెద్దాయనది శ్రీకాకుళం జిల్లా. రైల్వే వేగన్ రిపేరు షాపులో (డబ్ల్యూఆర్‌ఎస్ అంటే అదే) ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కి రైలు మార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఆ దారినే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలలో వాళ్లదీ ఒకటి. కారు తమ్ముడి కొడుకుది. సిల్తరాలో ఉద్యోగం. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్లధూళిలోంచి రోజూ రానూ పోనూ ఆ కారే. వారంలో ఊళ్లో పెళ్లి. ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా దూర ప్రయాణం. తల్లి కూడా వస్తోంది.

మైదానానికి రాకముందే కుర్రాడు రెండు షెడ్లు తిరిగాడు. మొదటి చోట "రెండు యాక్సిళ్లూ కొత్తవి వేసేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారు. రెండో చోట, యాక్సిలు జాయింటుని కప్పే రబ్బరు తొడుగు, అంటే బూటు, చీల్చి అతికించే రకం ఉందనీ, చక్రం విప్పి పైనుంచి తొడిగేస్తే గంటలో పని అయిపోతుందనీ చెప్పారు. ఒకటి వేలల్లో, ఇంకొకటి వందల్లో. రెండు చోట్లా ఎవరూ లోపల ఏముందో చూడలేదు. పెద్దాయనకి కోపం వచ్చింది అందుకే.

"మా షాపులో ఏ యాక్సిలూ చూడకుండా తీసి పారేయలేదు, చూడకుండా బండి కింద పెట్టనూ లేదు" అన్నాడు.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్‌కి వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, బోగీలు ఒకదాని మీదొకటి ఎక్కి, మంటల్లో యాభై మందికి పైగా చనిపోయారు. ఇనుము పైకి బాగానే కనబడుతూ లోలోపల ఎలా అలసిపోతుందో ఇంజనీర్లు గట్టిగా పట్టించుకోవడం మొదలైంది ఆ తర్వాతే. జర్మనీలో ఆగస్ట్ వ్యోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. ఇవాళ మన రైల్వే షాపుల్లో ఇరుసులోకి అల్ట్రాసోనిక్ శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో పగులు ఉందో లేదో చూస్తారు. చక్రం అంచు అరిగితే లేతు మీద మళ్లీ చెక్కి వాడతారు. ఇరుసులో పగులు కనబడిందా, దానికి వెల్డింగు లేదు, బేరం లేదు. తీసేయడమే. అరుగుదల వేరు, దెబ్బ వేరు. ఆ తేడా చూసి చెప్పడమే పెద్దాయన నౌకరీ అంతా.

ఖమ్తరాయ్‌లో ఆయనకి తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు, ఛత్తీస్‌గఢీవాడు. "కకా, మీరు కూర్చోండి, నేను విప్పుతా" అన్నాడు. కకా కూర్చోలేదు.

బండి నేల మీద ఉండగానే చక్రం మధ్యలోని పెద్ద నట్టు వదులు చేశాడు. తర్వాత జాకీ ఎక్కించి చక్రం తీశాడు. కుడి చక్రం రిమ్ము లోపలివైపు నల్లగా గ్రీజు చిమ్మి, దాని మీద దుమ్ము అట్ట కట్టి ఉంది. బూటు మడత దగ్గర అడ్డంగా చిరిగిపోయింది. రాయ్‌పూర్ మే నెల ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆ వేడికి రబ్బరు బిరుసెక్కి మడతల దగ్గరే పగులుతుంది. చిరుగులోంచి చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి నీళ్లూ ఇసుకా వస్తాయి. మొదటి వారాల్లో చప్పుడే ఉండదు. చవకగా బయటపడే అవకాశం ఆ నిశ్శబ్దంలోనే ఉంటుంది. అప్పుడే దాన్ని ఎవరూ చూడరు.

గేరుబాక్సు ఆయిలు దించి, యాక్సిలు షాఫ్టు బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. బూటు క్లాంపులు కోశాడు. పెద్దాయన రెండు వేళ్లతో గ్రీజు తీసి నలిపాడు. గరగరలాడింది. రంగు తుప్పు రంగు. పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, చక్రం వైపు జాయింటులో గుండ్లని పట్టి ఉంచే పంజరాన్ని పక్కకి వాల్చి గుండ్లు ఒక్కొక్కటే తీశారు. మొత్తం ఆరు.

ఈ జాయింటు ఎందుకంటే, ముందు చక్రం తిరగాలి, ఆడాలి, పక్కకి వంగాలి. వంగినా వేగం తగ్గూ హెచ్చూ లేకుండా తిరగాలి. పాత తరహా క్రాస్ జాయింటుకి అది చేతకాదు. 1920ల్లో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు ఆరు గుండ్లూ, వంపు గాడులూ ఉన్న ఈ జాయింటుని తీర్చాడు. 1959లో ఇంగ్లండ్ మినీ కారుతో అది ఇంటింటి బండ్లకి చేరింది. మన అంబాసిడర్‌కీ పద్మినీకీ వెనక చక్రాల తోపే. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాకే ఈ జాయింటూ, ఈ రబ్బరు బూటూ మన మెకానిక్కుల చేతికి మామూలు వస్తువులయ్యాయి.

మెకానిక్కు టార్చి వేశాడు. గాడిలో ఒకచోట అద్దంలా మెరవాల్సిన ఉక్కు గుంటలు పడి ఉంది. బండి తిన్నగా పోయేటప్పుడు గుండు ఉండే చోటే.

"దీన్ని సాన పట్టలేమా?" అని అడిగాడు కుర్రాడు.

"పట్టలేం బాబూ. గట్టిదనం పైపొరలోనే ఉంటాది. అది ఊడితే కింద ఉన్నది మెత్తని ఉక్కు. ఎంత మంచి గ్రీజు కూరినా ఆ గుంట పెరుగుతాది."

అదే షాఫ్టు లోపలి కొస చూశారు. గేరుబాక్సు వైపు మూడు రోలర్ల జాయింటు. దాని బూటు బాగుంది, రోలర్లు నున్నగా తిరిగాయి. బండి వేగం అందుకునేటప్పుడు వణుకు ఉంటే దీన్ని అనుమానించాలి. ఈ బండికి వణుకు లేదు.

ఎడమపక్కది తీశారు. బయటి బూటు మీద సన్నని చిరుగు, మొదలైందంతే. గ్రీజు నల్లగా, మెత్తగా ఉంది. గుండ్లు మచ్చ లేకుండా ఉన్నాయి. మొదటి షెడ్డు మాట వింటే ఈ నిఖార్సైన కంపెనీ షాఫ్టు తుక్కులోకి పోయేది. నాకు ఈ కథలో బాధ కలిగించేది అదే. రెండో షెడ్డు మాట వింటే కుడిపక్క గుంటల మీద కొత్త రబ్బరు తొడిగి, అమ్మని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేవాడు.

మెకానిక్కు బజారు షాఫ్టు ఒకటి తెచ్చి చూపించాడు. కొత్త పెయింటు, కంపెనీ దానిలో సగం ధర కూడా లేదు. పెద్దాయన కొస పట్టుకుని మెలిపెట్టి చూశాడు. కొత్తదాంట్లోనే సందు ఆడుతోంది.

"దీనికంటే మన పాతదే నయం. బయటి జాయింటు ఒక్కటి కంపెనీది తెప్పించు."

ఆ మోడలుకి జాయింటు విడిగా దొరుకుతుంది. కొన్ని కార్లకి షాఫ్టు మొత్తంగా తప్ప ఇవ్వరు, అప్పుడు లెక్క మారిపోతుంది. జాయింటు స్టాకులో లేదు, రెండు రోజులు పట్టింది. పెళ్లి దగ్గర పడుతోందని కుర్రాడు ఇంట్లో మాటలు పడ్డాడు, కానీ ఆగాడు.

కుడికి కొత్త బయటి జాయింటు, ఎడమకి పాత జాయింటే. షాఫ్టులు ఎలాగూ బయట ఉన్నాయి కాబట్టి నాలుగు బూట్లూ కొత్తవే. విప్పి బిగించే కూలి ఒకటే, లోపలి బూటు కోసం మళ్లీ ఆరు నెలలకి అదంతా ఎందుకు? కిట్టులో వచ్చిన నల్ల మాలిబ్డినం గ్రీజే కూరారు, డబ్బాలోని బేరింగు గ్రీజు ముట్టుకోలేదు. క్లాంపు బిగించే ముందు బూటు అంచెత్తి లోపలి గాలి వదిలారు. గేరుబాక్సు దగ్గర ఆయిలు సీళ్లు మార్చి, కొత్త ఆయిలు పోశారు. హబ్బు నట్లు కూడా కొత్తవి పెట్టి, కంపెనీ చెప్పిన బిగువుకి బిగించి, అంచు గాడిలోకి కొట్టారు.

మళ్లీ రావణుడి మైదానం. ఎడమకి రెండు చుట్లు, కుడికి రెండు చుట్లు. టైర్ల కింద గులకరాళ్ల చప్పుడొక్కటే వినబడింది.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరారు. కేశ్‌కాల్ పన్నెండు మలుపులూ ఎక్కి, కొండగావ్‌లో టీకి ఆగారు. మోకాళ్ల నొప్పులతో పెద్దాయన కిందకి వంగలేడు. కారులోంచే అడిగాడు.

"రిమ్ముల లోపల చూడు. గ్రీజు ఏమైనా చిమ్మిందా?"

"లేదు పెదనాన్నా, పొడిగా ఉంది."

"రెండో పక్క?"