నమ్మకం లేనివానికి ధర్మం లేదా? పోచంపల్లి చరిత్ర చెప్పే సమాధానం

గత కార్తీకమాసంలో ఒక సాయంకాలం, దీపారాధన ముగిసి భక్తులందరూ వెళ్లిపోయిన తరువాత, మా ఊరి నేతకుటుంబానికి చెందిన ఒక యువకుడు ధ్వజస్తంభం దగ్గర నిలబడిపోయాడు. ఏమి నాయనా అని అడిగాను. "అయ్యగారూ, మా మేనమామ దేవుణ్ణి నమ్మడు. గానీ ఊళ్లె ఎవ్వరికి కష్టమొచ్చినా ముందుగాల ఆయనే ఉరుకుతడు. ఆయనకు పుణ్యం రాదా? ఆయనకు ఆత్మ లేనట్టేనా?" అన్నాడు.

వేదపాఠశాలలో వల్లెవేసిన ప్రమాణవాక్యాలు కొన్ని వెంటనే స్ఫురించాయి. కాని వాటిలో ఏ ఒక్కటి చెప్పినా ఆ బాలుని ప్రశ్నకు న్యాయం జరగదని తోచింది. రేపు రమ్మని పంపివేశాను. ఆ రాత్రి ఆలోచిస్తూ ఉండగా, దీనికి సమాధానం మా ఊరి చరిత్రలోనే ఉన్నదని అర్థమైంది. సాధకుల ముందు ఆ ఆలోచననే ఉంచుతున్నాను.

1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబాభావే పోచంపల్లికి కాలినడకన వచ్చారు. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకొని, అంతకుముందు శ్రీరామనవమి నాడు హైదరాబాదు కారాగారంలోని కమ్యూనిస్టు బందీలతో మాట్లాడి, తెలంగాణ గ్రామాలలో శాంతియాత్రకు బయలుదేరారు. 1946లో మొదలైన సాయుధపోరాటం అప్పటికింకా చల్లారలేదు. ఊరిలోని నలభై హరిజనకుటుంబాలవారు, బ్రతకడానికి ఎనభై ఎకరాల భూమి కావాలని ఆయనను అడిగారు. ప్రభుత్వం ఇచ్చేలోగా మీలో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన సభను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, దివంగతుడైన తన తండ్రి కోరికను స్మరించి, నూరు ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. మా ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

ఈ కథను ఆస్తిక్యానికి దృష్టాంతంగా చెప్పడం మనకు అలవాటు. అది అసత్యం కాదు. వినోబాజీ 1932లో ధూళే కారాగారంలో గీతాప్రవచనాలు చేసినవారు. ఈశావాస్యోపనిషత్తుకు వృత్తి రచించినవారు. సర్వమూ ఈశ్వరునిచే ఆవరింపబడినది కనుక త్యాగంతో అనుభవించు, పరధనాన్ని ఆశించకు అని బోధించే ఆ ఉపనిషత్తే ఆయన నోట భూమిని అడిగించింది.

కాని ఇదే ప్రాంతంలో మరొక కథ కూడా ఉన్నది. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో 1908లో జన్మించిన రావి నారాయణరెడ్డిగారు భూస్వామికుటుంబంలో పుట్టినవారు. మొదట గాంధీమార్గంలో హరిజనసేవ చేసి, తరువాత మార్క్సు సిద్ధాంతాన్ని స్వీకరించారు. తన సొంత భూమిని దున్నేవారికి పంచి ఇచ్చారు. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు ఆయనను దేశంలోనే అత్యధికమైన ఓట్లతో లోక్‌సభకు పంపారు. ఈశ్వరార్పణమనో, పరలోకసుఖమనో ఆయన ఆ భూమిని ఇవ్వలేదు. ఆ పోరాటంలో ప్రవహించిన రక్తాన్ని, అది ఏ పక్షం చిందించినదైనా, నేను సమర్థించడం లేదు. అయితే ఆయన చేసిన దానం దానం కాదని ఏ ధర్మశాస్త్రాన్ని పట్టుకొని చెప్పగలను?

ఇక మూడవ కథ మనకు మరింత కష్టమైనది. వెట్టిచాకిరీ చేయించుకున్న దొరలలో గుడికి మొక్కనివారు ఎందరు? ఉత్సవాలు జరిపించారు, సంతర్పణలు చేయించారు. ఆ చేతులతోనే కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నారు. వారికి నమ్మకం ఉన్నది, ధర్మం లేదు.

శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. ఆస్తికశబ్దానికి పాణినీయం ప్రకారం పరలోకం ఉన్నదని తలచేవాడని అర్థం. వేదాన్ని నిందించేవాడు నాస్తికుడని మనువు కఠినంగానే చెప్పాడు. దానిని దాచిపెట్టనవసరం లేదు. అయితే ఆ మనుస్మృతే ఆరవ అధ్యాయంలో నాలుగాశ్రమాలవారికీ ధర్మలక్షణాలు పదింటిని చెప్పింది: ధృతి, క్షమ, దమము, అస్తేయము, శౌచము, ఇంద్రియనిగ్రహము, ధీ, విద్య, సత్యము, అక్రోధము. విద్య అంటే ఆత్మజ్ఞానమని వ్యాఖ్యాతలు చెబుతారు. కాని ఈ పదింటిలో ఈశ్వరవిశ్వాసమనే పేరుతో ఒక్కటీ లేదు. సాంఖ్యులు సృష్టికర్తయైన ఈశ్వరుణ్ణి చెప్పకుండానే పురుషుణ్ణి అంగీకరించారు. జైమినిమతానుయాయులైన మీమాంసకులు జగత్కర్తను ఒప్పుకోకుండానే జీవితమంతా ధర్మవిచారానికి అర్పించారు. వారు వేదాన్ని వదలలేదు, నిజమే. అయినా ఈశ్వరుని అంగీకరించనిదే ధర్మం నిలవదనే మాట మన సంప్రదాయమంతటికీ చెందినది కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఆత్మవిషయం ఇంకా సులభం. ఆత్మను నిరాకరించడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే నిరాకరించేవాని స్వరూపమే ఆత్మ అని శంకరభగవత్పాదులు సూత్రభాష్యంలో నిరూపించారు. ఆత్మ మన అంగీకారం వల్ల వచ్చినదైతే, మన సందేహం వల్ల పోవలసి ఉంటుంది. అలా వచ్చిపోయేది నిత్యమెలా అవుతుంది? ఇక్కడ విజ్ఞులు తైత్తిరీయాన్ని చూపి ఆక్షేపించవచ్చు: బ్రహ్మము లేదని తలచేవాడు తానే లేనివాడవుతాడని అందులో లేదా అని. ఉన్నది. అయితే లేదన్నంతమాత్రాన వాని ఆత్మ నశిస్తుందని ఆ శ్రుతికి తాత్పర్యం కాదు. పరమపురుషార్థాన్ని వాడు పొందలేడని, లేనివానితో సమానుడవుతాడని తాత్పర్యం. నష్టం సాధకునికే, ఆత్మకు కాదు.

ఈ విషయాన్ని జీవితంలో పరీక్షించి చూసినవారు మన తెలుగునాటనే ఉన్నారు. బ్రాహ్మణకుటుంబంలో జన్మించి నిరీశ్వరవాదియైన గోపరాజు రామచంద్రరావుగారు, అంటే గోరాగారు, 1944లో సేవాగ్రామంలో గాంధీజీని కలుసుకొని చర్చించారు. ఈశ్వరుడే సత్యమని చెబుతూ వచ్చిన మహాత్ముడు అప్పటికే సత్యమే ఈశ్వరుడని తన వాక్యాన్ని తిరగవేసుకొని ఉన్నారు. తన ఆస్తిక్యమే సరియైనదనిగాని, గోరాగారి నాస్తిక్యం తప్పనిగాని చెప్పలేనని ఆయన అన్నారు. గోరాగారి ఇంట అస్పృశ్యతను ధిక్కరించిన వివాహానికి, ప్రమాణంలో ఈశ్వరుని పేరుకు మారుగా సత్యం పేరు చెప్పుకోవడానికి కూడా అంగీకరించారు. ఆ వివాహం బాపూజీ నిర్యాణానంతరం 1948 మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది.

అలాగైతే గుడి ఎందుకు, అర్చన ఎందుకు అని నన్ను నేను ప్రశ్నించుకోక తప్పలేదు. ఒక విషయం దాచకుండా చెబుతాను. నా బాల్యంలో కొందరు భక్తులు గడప దాటకుండా, వీధిలో నుంచే దండం పెట్టుకొని వెళ్లేవారు. వినోబాజీని భూమి అడిగినవారు కూడా అటువంటి వాడలవారే. నిత్యం మంత్రపుష్పం చదివే నా నోరు, వారు లోనికి ఎందుకు రారని ఒక్కనాడూ అడగలేదు. నా విశ్వాసంలో లోపం లేదు, ధర్మంలో ఉన్నది. ఆ ప్రశ్నను ముందుగా అడిగినవారిలో నాస్తికులు కూడా ఉన్నారు.

విశ్వాసం వ్యర్థమని దీని అర్థం కాదు. శ్రద్ధ ధర్మాన్ని పుట్టించదు, దానిని నిలబెడుతుంది. ఇచ్చినవానికి ఇచ్చానన్న అహంకారం మిగలకుండా, ఫలాన్ని ఎవరికి అర్పించాలో చూపిస్తుంది. సభలో చప్పట్లు ఆగిపోయిన తరువాత కూడా మాట నిలుపుకొనే బలాన్నిస్తుంది. తరువాతి కాలంలో దేశమంతటా దానమైన లక్షలాది ఎకరాలలో ఎంతో భూమి సాగుకు పనికిరానిది, పేదలకు చేరనిది. దేవుని పేర పలికినంతమాత్రాన సంకల్పం నెరవేరదని ఆ భూములే చెబుతున్నాయి. పలికినదానిని నెరవేర్చేవరకూ వదలనిదే శ్రద్ధ.

మరునాడు ఆ యువకుడు వచ్చాడు. "మీ మేనమామకు ఆత్మ ఉన్నది నాయనా, అది ఆయన ఒప్పుకోలుకోసం కాచుకొని కూర్చోలేదు. ఆయన చేసేది ధర్మమే. దేవుడున్నాడని ఆయనతో వాదించకు. ఆయన ఉరికినప్పుడు నువ్వూ వెంట పో. నమ్మేవాళ్లం మనం వెనుకబడితే, సిగ్గుపడవలసింది మనమే" అని చెప్పాను.