యోగి వేమన చిత్రములో మృత్యుదర్శనము

ధర్మవరమునుండి కదిరికి పోవు రైలుదారిలో ముదిగుబ్బ ఒక స్టేషను. ఎర్రనేల, వేరుసెనగ చేలు, ఆ చేల నడుమ ఎవరో తెచ్చి పేర్చినట్లు గుండ్రాళ్ల గుట్టలు. పడమటి కనుమలు దాటి వచ్చు మేఘము ఇక్కడికి చేరునప్పటికి వట్టిపోవును. తూర్పు సముద్రపు మేఘమునకు ఇది దూరము. అనంతపురము సీమలో ఏడాదికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటు నిటు. ఆ సగటు కూడ కాగితముమీది మాట. ఒక యేడు కురిసినది మరియొక యేడు కురియదు. ధాత, ఈశ్వర సంవత్సరముల కరవు, అనగా 1876, 1877 నాటిది, ఈ పల్లెలలో తాతముత్తాతల మాటగా నేటికిని వినిపించును.

ఈ ముదిగుబ్బ దాపున మద్దిలేటిపై కట్టిన జలాశయమునకు యోగి వేమన పేరు పెట్టినారు. వేమన సమాధి యున్నదని ప్రజలు నమ్ము కటారుపల్లె కదిరికి దగ్గరనే యున్నది. 2022లో జిల్లాలు విడదీసినపుడు ఈ రెండు చోట్లును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. నీరు నిలిచిన యేడు ఆ జలాశయమును చూచుటకు పిల్లలను వెంటబెట్టుకొని పోవుట ఇక్కడి వారికి ఒక వేడుక.

వేమన పద్యములు ఎవరి నోట ఎట్లున్నవో ధ్వనిముద్రణ చేయవలెనని నేను ఆ ప్రాంతమునకు పోయితిని. ముదిగుబ్బలో ఒక అవ్వ దొరికినది. తొంబదికి చేరువలో నున్నది. పద్యములడిగితే ఆమె సినిమా కథ చెప్పినది.

"నేను కొత్తకోడలుగా ఉన్నప్పుడు కదిరిలో డేరా సినిమాకు పోతిమి నాయనా. పాటలూ గీటలూ నాకు గుర్తు లేవు. ఆ బిడ్డ చిన్నాయన కోసరం ఎదురుజూసి ఎదురుజూసి పాయె. ఆయప్ప బంగారు చేసుకుంటా ఆడనే ఉండిపాయె."

ఆమె చెప్పినది వాహినీవారి "యోగి వేమన". 1947 ఏప్రిలులో, స్వాతంత్ర్యమునకు నాలుగు మాసముల ముందు, విడుదలయైనది. దర్శకుడు కె. వి. రెడ్డిగారు, అనగా కదిరి వెంకటరెడ్డిగారు. జన్మస్థలము ఇదే సీమలోని తాడిపత్రి. వాహిని సంస్థకు పెట్టుబడి సమకూర్చి నడిపించిన మూలా నారాయణస్వామిగారిదియు తాడిపత్రియే. మాటలు, పాటలు వ్రాసినవారు సముద్రాల రాఘవాచార్యులుగారు. ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లీ. వేమనగా చిత్తూరు నాగయ్యగారు నటించి, ఓగిరాల రామచంద్రరావుగారితో కలిసి సంగీతమును కూడ సమకూర్చిరి. అనంతపురము బిడ్డలు పూనుకొని అనంతపురము మట్టిలో కలిసిన కవిని తెరకెక్కించినారని ఈ జిల్లావారు గర్వముగా చెప్పుకొనుటలో తప్పులేదు. కాని ఆ చిత్రమునకు నిజమైన విలువ అది కాదు. తెలుగు తెరమీద చావును అంత సూటిగా చూచిన చిత్రము అంతకు ముందు వచ్చినదని నేననుకొనను.

కథ క్లుప్తముగా జెప్పెదను. వేమనకు అన్న కూతురు జ్యోతి యనిన ప్రాణము. వేశ్య మోహనాంగియందు మోహము. ఆ మోహమున ఇంటి ధనమును, తుదకు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన సొమ్మును కూడ ధారపోయును. దాని ఫలము అన్న అనుభవింపవలసి వచ్చును. పోయిన ధనమును తిరిగి తేవలెనని, కంసాలి మిత్రుడు అభిరాముడు తోడుగా స్వర్ణవిద్య వెంట పడును. విద్య ఫలించునప్పటికి జ్యోతి జబ్బుపడి కన్ను మూయును. చేత బంగారమున్నది. దానిని చూపుటకు బిడ్డ లేదు. అటుపైన శ్మశానము, ఉన్మాదము, జ్ఞానము, చివరకు గుహాప్రవేశము.

చరిత్ర దృష్టితో చూచువారికి ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఇందులో చరిత్ర యెంత? వేమన కాలము గూర్చియే పండితులకు ఏకాభిప్రాయము లేదు. 17వ శతాబ్దివాడని పలువురి మతము. సమాధి కటారుపల్లెయే యనువారు ఎక్కువమంది యున్నను, పామూరుకొండ గుహయని మరియొక వాదమును కలదు. బ్రౌనుదొర 1829లో పద్యములను అచ్చువేయించునాటికే కవి చుట్టు కథలు అల్లుకొనియున్నవి. 1928లో ఈ జిల్లావారేయైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున అనంతపురములో వేమనపై ఉపన్యసించిరి. అవి మరుసటి యేడు గ్రంథముగా వెలువడినవి. శర్మగారు కవిని జనశ్రుతికంటె పద్యములలోనే ఎక్కువగా వెదకిరి.

జనశ్రుతిలో వినవచ్చు కథ వేరు. వేశ్య వేమనను వదినెగారి నగ తెమ్మని కోరును. వదినె నగ నిచ్చుచు ఒక నియమము పెట్టును. ఆ నియమమువలన అతనికి శరీరముపై రోత పుట్టును. ఆ రోతయే వైరాగ్యమగును. మన సీమలో పెద్దలు రచ్చబండలమీద చెప్పుకొనునది ఇదే. చిత్రనిర్మాతలు దీనిని వెనుకకు నెట్టి బిడ్డ చావును ముందుకు తెచ్చిరి. రోతవలన కలిగిన వైరాగ్యమునకును దుఃఖమువలన కలిగిన వైరాగ్యమునకును ఎంతో భేదము కలదు. మొదటిదానిలో మనుష్యుడు లోకమును తప్పుపట్టును. రెండవదానిలో తన్ను తాను తప్పుపట్టుకొనును. వేమనకు జ్యోతి చావు విధివ్రాత మాత్రమే కాదు. తాను దగ్గర లేని వేళ జరిగినది. ఈ మార్పు చరిత్రకు దూరమని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నా మట్టుకు నాకు పద్యములలోని వేమనకు ఇదే దగ్గరగా తోచును. బంగారము మీద, నటనమీద, ఆచారముల మీద అంతటి కోపము వట్టి రోతనుండి పుట్టినదని నమ్ముట కష్టము.

బంగారమనగా జ్ఞాపకము వచ్చినది. ఈ పీఠభూమిలోనే రామగిరి దగ్గర నిజముగనే బంగారు గనులుండెడివి. 2001లో అవి మూతపడినవి. పైన వాన లేదు, క్రింద బంగారమున్నది. స్వర్ణవిద్య కథ ఈ నేలలో వేళ్లూనుటకు వేరు కారణము వెదకనక్కరలేదేమో!

నాగయ్యగారు అంతకు ముందు ఇదే దర్శకుని "భక్త పోతన"లో పోతన; 1946లో తామే దర్శకత్వము వహించిన "త్యాగయ్య"లో త్యాగరాజు. ఆ యిరువురకును ఆపదవేళ మొరపెట్టుకొనుటకు రాముడున్నాడు. చూచువారికిని ఆ ధైర్యమున్నది. స్వామి వచ్చునని డేరాలోని ప్రతివారికి తెలియును. వేమనకు ఆ యాసరా లేదు. శ్మశానములో అతడు అడుగు ప్రశ్నకు ఏ దేవుడును ప్రత్యక్షమై బదులు చెప్పడు. కపాలములు, బూడిద, చీకటి. ఇది ధనికుడు, ఇది బీద యని విడదీయరాని ఎముకలు. బార్ట్లీ దీపములను తగ్గించి నీడలను పెంచి తీసిన ఆ ఘట్టములో నాగయ్యగారు ఏడ్చుటకంటె చూచుట ఎక్కువ. ఆ చూపు అభ్యాసముతో వచ్చినది కాదు. చిత్రసీమకు రాకమునుపే ఆయన భార్యావియోగమును, శిశువియోగమును అనుభవించి, మనసు విరిగి తిరువణ్ణామలై రమణాశ్రమములో కొంతకాలము గడిపినవారు.

మృత్యువును ఎదుట నిలుపుకొని తీసిన చిత్రములు ఇతర దేశములలోను వచ్చినవి. 1952లో జపానులో కురొసావా "ఇకిరు" తీసెను. కడుపులో పుండు ముదిరి మరణము నిశ్చయమని తెలిసికొన్న ఒక గుమాస్తా, మిగిలిన దినములలో పేటలోని మురికిగుంటను పూడ్పించి పిల్లలకు ఆటస్థలము కట్టించును. 1957లో స్వీడనులో బెర్గ్‌మన్ తీసిన "సెవెంత్ సీల్"లో ఒక యోధుడు మృత్యువుతో చదరంగమాడుచు, దేవుడున్నాడా యని అడుగును; ఎవరును పలుకరు. ఈ రెండింటికంటె మన చిత్రము ముందుది. ఒక భేదము మాత్రము గమనింపదగినది. అక్కడ చావు నాయకునిది. ఇక్కడ చావు బిడ్డది. తన చావును తలచుకొని తత్త్వమాడుట పెద్దలకు సాధ్యమే. పసిబిడ్డ చావు ముందు ఏ తత్త్వమును నోరెత్తజాలదు. సముద్రాలవారు ఆ ఘట్టమును దాటించుటకు తొందరపడలేదు. అది వారి గొప్పతనము.

విశ్వాసమెక్కడ నున్నదని అడుగుదురేమో. శ్మశానమునుండి వెడలిన వేమన గుడికి పోడు, ఊళ్లకు పోవును. నలుగురిలో నిలిచి చెప్పును. జ్యోతి ఒక్కతెకు పంచవలసిన మమతను ఎదురుపడిన వారికెల్ల పంచుట అతని విశ్వాసమని నాకు తోచినది. ఇది నిరాశకు సమాధానమని చెప్పజాలను. నిరాశతో కలిసి నడచుట యనవచ్చును.

చిత్రమునకు విమర్శకుల మెప్పు దక్కినది, ధనము దక్కలేదు. స్వాతంత్ర్యోత్సాహమున నున్న జనులకు శ్మశానము రుచింపలేదేమో! రెండేండ్లకు కె. వి. రెడ్డిగారు "గుణసుందరి కథ"తో మరల విజయము పొందిరి. 1951లో "పాతాళభైరవి", 1957లో "మాయాబజార్" తీసిరి. వానిని చూడని తెలుగువాడు అరుదు. "యోగి వేమన"ను చూచినవారిని నేడు వెదకవలెను. నాకు దొరికినవారిలో ఒకరు ఈ ముదిగుబ్బ అవ్వ.

ఆమె కథ అంతటితో ఆగలేదు. కొంచెము సేపు ఊరకుండి ఇట్లన్నది: "నా రెండో బిడ్డ జొరంతో పోయినప్పుడు మా ఇంటాయన బెంగుళూరు పనికి పోయుండె. కబురు పోయి ఆయన వచ్చేదానికి మూడు దినాలు. కూలిడబ్బు కొంగులో ముడేసుకుని వచ్చె. నన్ను జూసినాక ఆ ముడి విప్పలేదు నాయనా."

సినిమా ముందు చూచినదా, బిడ్డ ముందు పోయినదా యని అడుగుటకు నాకు నోరు రాలేదు. యంత్రము తిరుగుచునేయున్నది. ఆమెయే మరల అడిగినది. "ఆ గుహలోకి పోయేది ఉంది కదా కడాన, అది నీ దగ్గర ఉందా?"

తరువాతి మాసము పోయినపుడు చిత్రమును ఫోనులో పెట్టుకొని పోయితిని. అరుగుమీద కూర్చుండబెట్టి, చివరి ఘట్టము తీసి, ఆమె కన్నుల దగ్గరగా పట్టుకొంటిని. వేమన గుహవైపు నడచుచున్నాడు. ఆమె రెండు నిమిషములు చూచి చేయి అడ్డము పెట్టినది.

"ఇది చాల్లే నాయనా. ఆ పాప ఆడుకునే కాడికి తిప్పు."

వెనుకకు త్రిప్పితిని. పొద్దు వ్రాలువరకు ఆ భాగమునే మూడుమార్లు చూచినది.