విశాఖ నుండి కళింగపట్నానికి

విశాఖపట్నం సముద్రతీరాన సందెచీకటివేళ నిలిచి దక్షిణంగా చూచినవారికి డాల్ఫిన్ నోస్ కొండమీద ఒక వెలుగు తోచి, మాయమై, మరల తోస్తుంది. 1957లో అక్కడ వెలిగించిన దీపమది. ప్రతి దీపస్తంభానికీ తనదైన లయ కలదు. ఎన్ని క్షణాల కొకసారి వెలుగు తోచినదో లెక్కించి, తానే ఊరి ముందరకు వచ్చినాడో నావికుడు గుర్తుపట్టగలడు. తీరం వెంబడి ఉత్తరంగా పోతే భీమునిపట్నంలో ఒకటి, చింతపల్లిలో ఒకటి, కళింగపట్నంలో ఒకటి, ఇట్లు దీపస్తంభాలు వరుసగా ఎదురవుతవి. వాటిని పగటివెలుగులో చూడవలెనని ఒకనాటి ఉదయం మేము కారులో బయలుదేరినాము.

ముందుగా విశాఖను గురించి ఒక మాట. నేడు మనం చూచే రేవు 1933లో ప్రారంభమైనది. ఉప్పుటేరు ముఖద్వారాన ఉన్న చిత్తడినేలను త్రవ్వి, కొండ చాటున ఓడలు నిలిచే తావు కల్పించినారు. అలల తాకిడి తగ్గించడానికి రెండు పాత ఓడలను బయట ముంచి అడ్డుకట్టగా వాడినారు. అంతకు ముందు విశాఖకైనా, మరే ఊరికైనా, ఈ తీరాన ఓడ వచ్చి ఒడ్డున ఆనుకొనే వీలు లేదు. దూరాన లంగరు దించి నిలిచేది. సరకంతా పడవలలో కెరటాలు దాటించవలసినదే. ఇందుకు వాడినవి మసూలా పడవలు. వీటికి మేకులుండవు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టి కట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకు వంగి, తిరిగి సర్దుకొంటుంది. ఒక వస్తువు బిగువుగా లేకపోవడమే దాని బలమైనదన్న మాట!

అట్లు బయట లంగరు వేసి నిలవడంలో ఎంత ప్రమాదమున్నదో 1804 సెప్టెంబరు 15న తెలిసినది. ఇంగ్లీషువారి యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో రెండు వర్తక నౌకలు విశాఖ ముందర నిలిచి ఉండగా, ఫ్రెంచి నౌకాధిపతి లినోయీ మూడు యుద్ధనౌకలతో వచ్చి పడినాడు. సెంచూరియన్ కప్తాను అప్పుడు ఒడ్డున ఉన్నాడు! వర్తక నౌకలలో ఒకటి ఒడ్డుకు కొట్టుకొనిపోయి పగిలినది, రెండవది శత్రువుకు చిక్కినది. సెంచూరియన్ మాత్రం చినిగిన తెరచాపలతోనే పోరాడి నిలిచినది. ఓడలు ఒడ్డున ఆనుకొనే రేవు ఉన్నట్లయితే ఆ కథ మరొక విధంగా ఉండేదేమో.

ఊరు దాటేముందు, ఇసుకపై మెట్టెక్కించిన కురుసుర జలాంతర్గామి కనబడుతుంది. 2002 నుండి అది ప్రదర్శనశాల. పిల్లలకు దానిని మించిన వేడుక లేదు. మేము ఆగలేదు, మా గమ్యం పాతకాలపు వస్తువులు.

భీమునిపట్నం పోయే దారి సుమారు 25 కిలోమీటర్లు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. ఆ కొండలలో ఒకటి తొట్లకొండ. వాననీరు నిలువచేయడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్ల దానికాపేరు వచ్చినది. భారత నౌకాదళం జరిపిన ఆకాశ పరిశీలనలో ఈ చోటు బయటపడగా, 1988 తరువాత పురావస్తుశాఖవారు త్రవ్వకాలు సాగించినారు. స్తూపాలు, చైత్యాలు, విహారాలతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమనుల వెండి నాణేలు దొరకినవి. కొండమీద నిలిచి చూస్తే ఆ నాణేలు ఎట్లు వచ్చినవో చెప్పవలసిన పని లేదు. ఎదుట సముద్రమే ఉన్నది. ఓడవారికి పగటిపూట ఆనవాలు కాదగినంత ఎత్తయిన కొండ అది. పైన నివసించిన భిక్షువులకు రాకపోకలు చేసే వర్తకులు కనబడేవారు, వారికి ఈ కొండ కనబడేది.

భీమిలికి చేరువలో ఎర్రమట్టి దిబ్బలు ఎదురైనవి. వేల ఏళ్ళ గాలీ వానా మలచిన ఇసుకగుట్టలవి. 2014లో భూగర్భ పరిశోధకులు వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినారు. ఆ ఏడాదే అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరమంతటినీ ఊపివేసినది.

భీమునిపట్నంలో మేము పూర్తి పూట గడపినాము. ఇక్కడ గోస్తనీనది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల మీదుగా వచ్చే నది ఇదే. 17వ శతాబ్దిలో డచ్చివారు ఈ నదీముఖాన వర్తకస్థానం పెట్టుకొన్నారు. మన నేతగాండ్ర వస్త్రాలు వారికి ముఖ్యమైన సరకు. 1754లో మరాఠాలు ఊరిని కొట్టినారు. 1825లో డచ్చివారు దీనిని ఇంగ్లీషువారికి ఒప్పగించి వెళ్ళినారు. 1861లో పురపాలక సంఘం ఏర్పడినది. చెన్నరాజధానిలో మొదటివాటిలో ఇదొకటి. ఊరు ఆనాడు ఎంత ఒడుపుగా ఉన్నదో దీనినిబట్టి ఊహించుకోవచ్చును.

డచ్చివారి సమాధులు సముద్రానికి చేరువలోనే ఉన్నవి. సూదిమొనల రాతిస్తంభాలు, ఉప్పుగాలికి పొరలు లేచిన గోడలు, అరిగిన అక్షరాలు. తెలియని భాషలో చెక్కిన పేర్లను మేము వ్రేళ్ళతో తడిమి చూచినాము. వారు ఎవరో కొంతవరకైనా చెప్పుకొనే వీలున్నది. ఆ వర్తకులకు సరకు మోసి, మసూలా పడవ తెడ్లు వేసి, కెరటాలలో ప్రాణాలు పోగొట్టుకొన్న మన బెస్తవారి పేరు చెక్కిన రాయి ఒక్కటీ ఆ ఆవరణలో మాకు కనబడలేదు. ఒడ్డున వలలు సరిచేస్తున్న ముసలివారిని చూచినప్పుడు, ఆ పేర్లు రాతిమీద కాక ఇండ్లలో మిగిలినవేమో ననిపించినది.

ఈ రేవు పేరు ఇంకొక విధంగానూ లోకమంతా తిరిగినది. మన గోగునార ఇక్కడి నుండి ఓడలెక్కేది. ఇంగ్లీషు వర్తకులు భీమిలిని తమ నోటికి అనువుగా 'బిమ్లి' అన్నారు. నారకు 'బిమ్లి జనుము' అని పేరు పెట్టినారు. గోంగూర పచ్చడి తినే ఇంట్లో ఆ మొక్కకు ఇంత దొరతనం ఉన్నదని ఎవరనుకొన్నారు? 19వ శతాబ్దిలోనే ఇక్కడ వెలసిన దీపస్తంభం ఆ నారబస్తాల ఓడలకు దారి చూపినది. 1933లో విశాఖలో రేవు ఏర్పడిన తరువాత ఓడలు క్రమంగా అక్కడికే తిరిగినవి. లోతైన నీటిలో గోడనానుకొని నిలవగల చోటున్నప్పుడు, కెరటాలలో పడవలమీద సరకు దాటించే శ్రమ ఎవరికి కావలెను?

భీమిలి దాటిన పిదప కొంతదూరం లోనికి పోయి, పూసపాటిరేగ వైపు నుండి మరల తీరానికి వచ్చినాము. చింతపల్లి కొండమీది దీపం వీటన్నిటిలోకీ పాతది. ఇక్కడ దీపం పెట్టినది 1847లో. ఎదుట సముద్రంలో దాగిన రాళ్ళున్నవి. భీమిలికి పోయే ఓడలు వాటిపై పడకుండా ఈ దీపం పెట్టినారు. ఇచ్చట రేవు లేదు, సంత లేదు. దగ్గరకు రావద్దని చెప్పడమే దీని పని. చింతపల్లిని దొరలు 'శాంతపిల్లి' అన్నారు. నౌకాపటాలలో ఆ పేరే నిలిచినది. మన ఊరి పేరును మన ఊరివారే గుర్తుపట్టలేని తీరున దిద్దిన ఘనత వారిది.

శ్రీకాకుళంలో నాగావళి దాటి, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కినాము. మెట్ల దారికి ఇరువైపులా స్తూపాలు, చైత్యాలు, పాదపీఠాలు. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై పోరాడినవారిగా, సవరభాషను సేవించినవారిగా వారిని ఎరుగుదుము. వంశధార ఒడ్డునే పుట్టినవారు కనుక ఈ కొండ వారికి పొరుగువంటిది. మేము వ్రాస్తున్న ఈ భాషను వారు చూచినట్లయితే ఏమనేవారో! కొండపై నుండి వంశధార సముద్రం వైపు పోయే దారి కొసదాకా కనబడుతుంది. తొట్లకొండమీద మనం చూచినదే ఇక్కడ మరల ఎదురైనది. విహారం, దాని క్రింద నది, నది చివర రేవు.

ఆ రేవే కళింగపట్నం. మేము చేరేసరికి ప్రొద్దు వాలినది. 1876లో ఇక్కడ వెలసిన దీపస్తంభం క్రింద ఒడ్డున పడవలు తప్ప ఓడలకు సంబంధించిన సందడి ఏదీ లేదు. ఒకప్పుడు ఇక్కడి నుండి ధాన్యం, నూనెగింజలు పోయేవి. మేము ఇసుకలో కూర్చొని చీకటి పడేదాకా ఉన్నాము. దూరాన ఒక ఓడ, దీపాలు వెలిగించుకొని, దక్షిణంగా విశాఖ దారిన పోతున్నది. ఒడ్డున ఒక బెస్తవాడు వల మడచి భుజాన వేసుకొని, ఓడ వంక ఒకసారి చూచి, ఇంటి దారి పట్టినాడు.