ఒక అంబాసిడర్ జీర్ణోద్ధరణ

ఛందస్సు గురించో శాసనాల గురించో వ్రాయవలసిన తెలుగు పండితుడు కారు బాగుచేయడం గురించి వ్రాస్తున్నాడేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. ఇది కూడా ఒక శాసనం కథే. చివరిదాకా చదివితే మీరూ ఒప్పుకొంటారని నా ఆశ.

మాది శ్రీరంగాపూర్. రంగసముద్రం చెరువు ఒడ్డున రంగనాయకస్వామి ఆలయం ఉన్న ఊరు. పద్దెనిమిదవ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడి అది. 2009లో మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో, పెబ్బేరు మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో వనపర్తి జిల్లాలోకి వచ్చి, తానే మండల కేంద్రమైంది. ఊరికి ఇన్ని మార్పులు జరుగుతున్నంత కాలమూ మా పెరటి వేపచెట్టు కింద కదలకుండా ఉన్నది ఒక్కటే: మా మేనమామ అంబాసిడర్ కారు.

మామయ్య కర్నూలులో ఉండేవాడు. ఆ కారును 1988లో కొన్నాడు. మార్క్ 4 అన్న రకం, తెల్లరంగు, పాత పద్ధతి మూడక్షరాల సంఖ్య. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు అది ఇంటి ముందే నిలువునా మునిగిపోయింది. ఆ వరదలో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. మా ఆలంపురమూ మునిగింది. నీరు తీశాక మామయ్య కారును లారీకెక్కించి మా ఇంటికి పంపాడు. "అల్లుడూ, నాలుగు నెలలు నీ పెరట్లో ఆరనీ. ఇల్లు సర్దుకొని తీసుకుపోతాను" అన్నాడు. ఆ నాలుగు నెలలు పూర్తికాకుండానే పదేళ్లు గడిచాయి. 2014లో రాష్ట్రాలు రెండైనాయి. 2019లో మామయ్య పోయాడు. కారు నాకు మిగిలింది.

ఈ కారు పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే దాన్ని ఎందుకు బాగుచేయగలిగామో బోధపడదు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థను బిర్లాలు 1942లో స్థాపించారు. మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో పని ప్రారంభించి, తరువాత బెంగాలులోని ఉత్తరపాడాకు మారారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను తెచ్చుకొని, అంబాసిడర్ అన్న పేరుతో దాదాపు 1958 నుంచి తయారుచేశారు. ఇంగ్లండు ఆ నమూనాను త్వరలోనే వదిలివేసింది. మనం మాత్రం 2014 మే నెల దాకా అదే ఆకారాన్ని అచ్చుపోశాము.

దీనికి కారణం మన అభిమానం ఒక్కటే కాదు. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడమే కాక, తయారీ కూడా ఇక్కడే జరగాలని 1953లో ప్రభుత్వం నిర్ణయించింది. దానితో బొంబాయిలో బిగింపు కర్మాగారాలు నడుపుతున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు తప్పుకొన్నాయి. మిగిలిన రెండు మూడు సంస్థలకు ఎన్ని కార్లు తయారుచేయాలో లైసెన్సు చెప్పేది. ఒక దశలో ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయించేది. కారు కావలసినవాడు సొమ్ము కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండేవాడు. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి తాళంచెవి చేతులు మారేదాకా మధ్యతరగతి మనిషి కారు భాగ్యం అంతే.

ఆ కొరత ఒక విద్యను పుట్టించింది. కొత్తది దొరకదు కనుక పాతదాన్ని చావనివ్వకూడదు. జాతీయ రహదారి పొడవునా చెట్ల కింద వెలసిన మరమ్మతు కొట్లలో ఈ కారును పూర్తిగా విప్పి బిగించగల మిస్త్రీలు తయారైనారు. అంబాసిడర్ గొప్పగా నడిచిన కారు కాదు, గొప్పగా బాగుచేయించుకొన్న కారు అని నా అభిప్రాయం. దాని చరిత్రలో బిర్లాల పేరు ఉన్నది గాని, ఆ మిస్త్రీల పేర్లు ఎక్కడా లేవు.

మన ప్రాంతంలో పాత వాహనాలను కాపాడిన సందర్భాలు లేకపోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొన్న రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్, ఆయన 1911లో మరణించిన తరువాత హైదరాబాదు చేరింది. వెనుక సింహాసనం వంటి ఆసనం గల ఆ పసుపుపచ్చ కారు చాలా స్వల్పదూరమే తిరిగి, దశాబ్దాలు మూలనపడి, మళ్లీ మెరుగులు దిద్దుకొని చౌమహల్లా ప్యాలెస్‌లో దర్శనమిస్తున్నది. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైనది. ఆనాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ వారు ముచ్చటగా కాపాడుకొన్నారు. రాజుగారి వాహనానికి వారసులున్నారు, బస్సుకు సంస్థ ఉన్నది. సామాన్యుడి కారుకు ఎవరున్నారు? పాత ఇనుప సామాను వాడున్నాడు. మా కారుకు అతడు మూడుసార్లు బేరం కూడా పెట్టాడు.

2023 వేసవిలో నేను పూనుకొన్నాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: "లక్ష రూపాయలు. అంతకు మించితే ఒక్క పైసా లేదు." న్యాయమైన షరతే.

కర్నూలులో మామయ్య కారు చూసే మిస్త్రీ కోసం వెతుక్కుంటూ వెళ్లాను. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. చేతులు వణకడం మొదలై పని మానివేశాడు. కొట్టు కొడుకు చూస్తున్నాడు. కొడుకు కంప్యూటరు తగిలించి దోషం చెప్పగలడు గాని, కార్బురేటరు విప్పలేడు. పెద్దాయన నా మాట విని కాసేపు మౌనంగా ఉండి, "సారూ, నీళ్లు తీసిన మర్నాడే ఆ బండి నాలుగు ప్లగ్గులూ ఊడబీకి లోపల ఆయిలు పోసినాను. మీ మామ స్టార్టు చేస్తానంటే చెయ్యి పట్టుకొని ఆపినాను. ఇంజను బతికే ఉంటది" అన్నాడు. మునిగిన కారును ఆత్రపడి స్టార్టు చేస్తే సిలిండరులోని నీరు నలగదు, లోపలి కడ్డీలే వంగిపోతాయి. పద్నాలుగేళ్ల కిందట ఆయన అడ్డుపెట్టిన చెయ్యి వల్లనే ఇప్పుడు నా ప్రయత్నానికి అర్థం ఏర్పడింది.

వారానికి రెండు రోజులు ఆయన బస్సులో పెబ్బేరు దాకా వచ్చేవాడు. నేను మోటారుసైకిలు మీద తీసుకువచ్చేవాణ్ణి. వేపచెట్టు కింద మంచం వేసుకొని ఆయన చెప్పేవాడు, నేనూ మా ఊరి వెల్డింగు కుర్రవాడూ చేసేవాళ్లం. విద్యార్థి దశ దాటిన నలభై ఏళ్లకు మళ్లీ గురువు ముందు నిలబడ్డాను.

ఆయన నేర్పిన మొదటి సూత్రం క్రమం. ముందు ఆగడం, తరువాత కదలడం, చివరకు మెరవడం. అందరూ రంగుతో మొదలుపెట్టి అప్పులతో ముగిస్తారట. బ్రేకులు విప్పితే రబ్బరు కప్పులన్నీ రాయిలాగా బిగుసుకొని ఉన్నాయి. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, గొట్టాలు మార్చాము. 12 వేలు.

తరువాత ఇంజను. 1489 సీసీల ఈ ఇంజను మూలంలో ఇంగ్లండులోని ఆస్టిన్ వారిది; ఎం.జి. అనే పేరుగల ఆటకారులోనూ ఇదే కొలత ఇంజను నడిచింది. ప్లగ్గులు తీసి డీజిలు, ఆయిలు కలిపి పోసి పది రోజులు నానబెట్టాము. పదకొండవ రోజున ముందువైపు హాండిల్ పెట్టి తిప్పితే అంగుళం కదిలింది. ఆ అంగుళానికి మిస్త్రీ మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు. తరువాత ఇంజను దించి మా వరండాలో పెట్టుకొని రింగులు మార్చి వాల్వులు అరగదీశాము. గర్భాలయం మరమ్మతు చేసేటప్పుడు దేవుణ్ణి తాత్కాలికంగా ఉంచే చోటును బాలాలయం అంటారు కదా, మా ఆవిడ వరండాకు ఆ పేరే పెట్టింది. సికింద్రాబాదు రాణీగంజ్‌లో తిరిగి తెచ్చిన సామానుతో, రేడియేటరు శుద్ధితో కలిపి 21 వేలు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నది. పాత రబ్బరు దానికి తట్టుకోదని గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర కూడా మార్చాము. నీళ్లు తాగిన వైర్లన్నీ కొత్తవి వేసి, బ్యాటరీతో సహా 13 వేలు. నాలుగు టైర్లూ ట్యూబులూ 18 వేలు.

ఇక రేకు. ఈ కారుకు విడిగా చట్రం లేదు. పైరేకూ కిందిరేకూ కలిసే బలం. తలుపుల కింది పెట్టె రేకులో తుంగభద్ర ఒండ్రు ఇంకా ఉన్నది. గొట్టంతో నీళ్లు కొడితే రెండు గంపలు వచ్చింది. ఒండ్రు తడిని పట్టి ఉంచుతుంది కనుక పైన అందంగా కనిపించిన చోట లోపల ఆకు జల్లెడ అయింది. ఇక్కడ నేను మిస్త్రీ మాట వినలేదు. తొందరపడి పట్నంలో ఒక కొట్టుకు ఇచ్చాను. వారు 12 వేలు తీసుకొని తుప్పును కోయకుండా లప్పం పూసి, పైన ప్రైమరు కొట్టి పంపారు. తొలకరికే పొక్కులు వచ్చాయి. మిస్త్రీ గోటితో గీరి చూసి, "సున్నం కొట్టినంత మాత్రాన గోడ నిలవదు సారూ" అన్నాడు. మళ్లీ అంతా గీకి, కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు అతికించి, కింద తారుపూత వేసేసరికి 19 వేలు. లెక్క 95 వేలకు చేరింది.

రంగుకు సొమ్ము లేదు. ఆ లేమి వల్లనే ఒక మేలు జరిగింది. పాత రంగును రుద్దుడు పేస్టుతో చేత్తో రుద్దాను. క్రోమియం బంపరు మీది తుప్పును వంటింటి అల్యూమినియం కాగితం తడిపి రుద్దితే చాలావరకు వదిలింది. ఇత్తడికి వాడే చింతపండు ఇక్కడ పనికిరాదు. సీట్లు విప్పి కుంకుడురసంతో కడిగాను. డిక్కీ లోపల ఒక గోధుమరంగు గీత ఉన్నది, నీళ్లు నిలిచిన గుర్తు. దాన్ని తుడవబోయి ఆగిపోయాను. శిథిలమైన ఆలయానికి సున్నాలు, ఎనామిల్ రంగులు వేసి శాసనాలు మూసివేసే వారిని నేను జీవితమంతా విమర్శించాను. నిలబెట్టవలసినదాన్ని నిలబెట్టి, చెప్పుకోవలసినదాన్ని చెప్పుకోనివ్వడమే జీర్ణోద్ధరణ. ఆ గీత అలాగే ఉన్నది.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. కారు ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనది. అక్కడి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడ తిరిగి నమోదు చేయించాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకొకసారి నమోదు పునరుద్ధరించుకోవాలి. మామయ్య రెండుసార్లు చేయించాడు. 2013లో గడువు తీరింది. వీటన్నిటికీ మూలం ఇంజను గదిలో రేకు మీద చెక్కిన చాసిస్ సంఖ్య. అది తుప్పు కింద ఉన్నది. అది చదవరాకపోతే ఏడాది శ్రమా తూకానికి పోవలసిందే.

ఇక్కడ మిస్త్రీకి తెలియని విద్య ఒకటి నాకు తెలుసు. తుప్పును ఇసుక కాగితంతో రుద్దితే అక్షరం కూడా పోతుంది. కిరసనాయిలులో ముంచిన గుడ్డను రాత్రంతా కప్పి, ఉదయం మెత్తని కుంచెతో తుడిచాను. మూడు రోజులు అదే పని. తరువాత పలుచని కాగితం పరచి పెన్సిలు సీసాన్ని పక్కవాటుగా రుద్దాను. యువకుడిగా శాసనాల నకళ్లు తీసేవారి వెంట తిరిగిన రోజుల్లో నేర్చినదే. ఒక్కొక్క అంకె తెల్లగా తేలింది. ఒక చోట 3 అనాలో 8 అనాలో తేలలేదు. మామయ్య పాత బీమా కాగితం చూస్తే 8. శాసనపాఠానికి తాళపత్రం తోడైనట్టు తోడైంది.

2024లో తనిఖీ అధికారి వచ్చి, నా కాగితం ఒకవైపూ రేకు ఒకవైపూ పెట్టి అంకె అంకె పోల్చి సంతకం చేశారు. పునరుద్ధరణ రుసుము, 2022 ఏప్రిల్ నుంచి అమలైన లెక్క ప్రకారం, 5 వేలు. నా లక్ష సరిగ్గా అక్కడ ముగిసింది. ఆలస్యానికి అదనపు రుసుమూ పన్నులూ మా అబ్బాయి కట్టాడు. ఆ సంగతి మా ఆవిడకు ఈ టపా చదివితేనే తెలుస్తుంది.

మామయ్య నాటి మూడక్షరాల సంఖ్య పోయింది. ఇప్పుడు దాని మీద వనపర్తి జిల్లా సంఖ్య ఉన్నది. నంబరు పలక మారవచ్చు గాని, లోపల చెక్కిన సంఖ్య మారదు.

మొదటి ప్రయాణం గుడి దాకా. స్టీరింగు కింది గేరుకాడ వేసేది నాకు తెలియదు కనుక మిస్త్రీయే నడిపాడు. చక్రం పట్టుకొన్నాక ఆయన చేతులు వణకలేదు. చెరువుగట్టు మీద ఆపి బ్రేకు మరొకసారి తొక్కి చూసి, "ఐదేండ్లు గ్యారంటీ సారూ" అన్నాడు. కారుకు కాగితం మీద గడువు కూడా అంతే. ఆ ఐదేళ్లలో ఆ వెల్డింగు కుర్రవాడికి కార్బురేటరు విప్పడం నేర్పమని అడిగాను. ఆదివారం నుంచి మొదలుపెట్టారు. వారు చెప్పుకొనేదంతా నేను పుస్తకంలో వ్రాసి పెడుతున్నాను.