మన ఊరి రోడ్డే కాశ్మీర్ పోతది

ఆ కట్టె జరంత లోపలికి నూకి కూసో బిడ్డా. నువ్వు చెప్పిందంత విన్న. డిసెంబర్ ఆఖర్ల నిజామాబాద్ మార్కెట్‌ల పసుపు లోడేసుకొని ఢిల్లీ పోతనంటున్నవు. ఆడ దించి, దొరికిన మాల్ ఎక్కించుకొని శ్రీనగర్, వచ్చేటప్పుడు సేపు పండ్లు. దారంత ఫోన్‌ల చూపించినవు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, డీజిల్‌కు ఎంత, టోల్‌కు ఎంత, అన్ని లెక్కలున్నయి అండ్ల. ఎక్కడెక్కడ ఆగుతవో మాత్రం లేదు. చలికాలం ఉత్తరాదికి బండి తీసేటోడు ముందుగాల రాసుకోవాల్సింది అదే. మా ఉస్తాద్ నాకు స్టీరింగ్ ఇయ్యకముందు నేర్పింది సుత అదే.

మీకిప్పుడు మన ఊరి రోడ్డు నలభైనాలుగో నంబర్ రోడ్డు. శ్రీనగర్ కాడ మొదలైతది, మన ఆర్మూర్ పక్కకెల్లి పోయి కన్యాకుమారి కాడ అయిపోతది. 2010ల నంబర్లు మార్చిన్రు. అంతకుముందు మన కాడ ఇది ఏడో నంబర్, కాశీ నుంచి కన్యాకుమారి పోయే రోడ్డు. కాశ్మీర్ పోవాల్నంటే మేము ఎన్నో రోడ్లు మారేటోళ్లం. సోన్ కాడ గోదావరి దాటి, నిర్మల్ ఘాట్ ఎక్కి, ఆదిలాబాద్ దాటితే పెన్‌గంగ. అవతల పాండర్‌కవడ, హింగన్‌ఘాట్, నాగ్‌పూర్. నాగ్‌పూర్ దాటినంక సివనీ అడవి. లఖ్‌నాదౌన్ కాడ ఏడో నంబర్ జబల్‌పూర్ దిక్కు పోతది, మేము దాన్ని ఇడిసిపెట్టి ఇరవైఆరు పట్టుకొని నర్సింగ్‌పూర్, సాగర్, లలిత్‌పూర్ మీదికెల్లి ఝాన్సీ చేరేది. ఆడికెల్లి గ్వాలియర్‌కు డెబ్బైఅయిదు, ఆగ్రాకు మూడు, ఢిల్లీకి రెండు, జలంధర్‌కు ఒకటి, ఆ మీద శ్రీనగర్ దాంక ఒకటి-ఏ. గా తుకుడాలన్ని కలిపి ఇప్పుడు ఒక్క నంబర్ చేసిన్రు. సగం దూరం ఒంటి రోడ్డే ఉండె. ఎదురుంగ బండొస్తే ఒక చక్రం మట్టిల దించాలె. లోడుతోని రోజుకు మూడు వందల కిలోమీటర్లు పోతే మస్తు పోయినట్టు.

బండ్లు సుత గట్లనే ఉండె. అందరం బెంజి బండి అనేటోళ్లం. టాటావాళ్లు 1954ల జర్మనీ బెంజ్ కంపెనీతోని కలిసి లారీలు చేసుడు మొదలువెట్టిన్రు. 1969ల ఆ ఒప్పందం అయిపోయింది, మూతి మీది నక్షత్రం పోయింది, డ్రైవర్ల నోట్ల పేరు మాత్రం ఎన్నో ఏండ్లు పోలే. చెక్క క్యాబిన్, పవర్ స్టీరింగ్ లేదు. తలుపుల సందులకెల్లి గాలి కోస్తుంటే గోనె సంచులు చింపి కుక్కేటోళ్లం. ఇంజన్ వేడి కాళ్లకు తగిలేది గని ఈపుకు తగలకపోయేది.

ఇగ కాగితాల సంగతి. నేషనల్ పర్మిట్ 1975ల వచ్చింది. అది లేని బండికి రాష్ట్రం దాటినప్పుడల్ల వేరే పర్మిట్ కావాలె. అది ఉన్నా సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు, ఊర్ల పొంటి ఆక్ట్రాయి నాకాలు తప్పకపోయేటియి. ఒక్కొక్క కాడ ఒక పూట పోయేది. 2017 జులైల జీఎస్టీ వచ్చినంక ఆ టాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేసిన్రు, మరుసటేడు ఈ-వే బిల్లు వచ్చింది. మీరు అదృష్టవంతులు, దాని గురించి ఇగ చెప్పేదేం లేదు.

పొగమంచు గురించి చెప్పాలె. అది ఏ జీఎస్టీకీ ఎత్తేసేది కాదు.

డిసెంబర్ ఆఖరు నుంచి జనవరి అయిపోయేదాంక గ్వాలియర్ దాటితే చాలు, పంజాబ్ దాంక అదే. యమున, గంగ, కాల్వలు, గోధుమ చేన్లకు పెట్టిన నీళ్లు, భూమంత తడి తడి. ఒక వానొచ్చి పోయినంక మబ్బు ఇడుస్తది, గాలి ఆగుతది, రాత్రి భూమి చల్లబడుతది. నడిజాముకు మంచు లేస్తే పొద్దుగాల తొమ్మిది పది దాంక ఉంటది, ఒక్కోనాడు పగలంత కరగది. ఫుల్ లైటేస్తే ఎదురుంగ తెల్లగ తప్ప ఏం కనపడది. అందుకే డిప్ లైట్ మీద పసుపుపచ్చ కాగితం అంటించేటోళ్లం. మరీ దట్టమైతే క్లీనర్ టార్చి పట్టుకొని ముంగట నడిచేటోడు, నేను ఆ టార్చి ఎనుక బండి నడిపేటోన్ని.

ఉస్తాద్ ఊకె చెప్తుండె, మంచుల నడుపుడు కాదు, మంచుకు ముందే ఆగుడు నేర్చుకొమ్మని. రోడ్డు పక్కపొంటి ఆపొద్దు. నీ ఎనుక లైటు చూసి బండి పోతున్నదనుకొని ఎనుకనుంచొచ్చేటోడు నేరుగ వచ్చి గుద్దుతడు. రోడ్డు దిగి లోపలికి పోయే జాగున్న దాబా కాడనే ఆపాలె. చంబల్ దిక్కు ఇంకొక భయం ఉండె. మురైనా నుంచి ధోల్‌పూర్ దాంక ఆ లోయలల్ల దొంగల ముఠాలు తిరిగేటియి. 1972ల జయప్రకాశ్ నారాయణ్ ముంగట మస్తుమంది తుపాకులు పెట్టి లొంగిపోయిన్రు. ఆ తర్వాత గూడ ఎన్నో ఏండ్లు రాత్రిపూట ఒంటిగ ఆ తుకుడా ఎవ్వలు దాటకపోయేది. పొద్దుమీకి గ్వాలియర్‌ల బండ్లు జమయ్యేటియి, తెల్లారినంక వరుసగ కదిలేటియి. ఇప్పుడు ఆ దొంగలు లేరు. మంచు ఉన్నది కాబట్టి నువ్వు సుత గ్వాలియర్‌లనే రాత్రి ఆగు. మల్ల ఢిల్లీ దాటినంక అంబాలా, ఆ తర్వాత పఠాన్‌కోట్. రాసుకో.

ఢిల్లీల పసుపు దించుతే మనోళ్లు మస్తుమంది ఆడికెల్లే ఎనుకకు మల్లేది. ముందుకు పోయేటోళ్లు తక్కువ. చలికాలం శ్రీనగర్ లోడుకు కిరాయి ఎక్కువ ఇచ్చేటోళ్లు, ఎందుకు ఎక్కువ ఇస్తున్నరో పోయినోనికే ఎర్క.

లఖన్‌పూర్ కాడ రావి దాటితే జమ్ము ఇలాకా. జమ్ముల నర్వాల్ అని లారీల అడ్డా ఉన్నది. ఆడ ఆపుతరు. ఇయ్యాల పైకి పోయే బండ్లు, రేపు కిందికి వచ్చే బండ్లు, గట్ల వంతులు. రాంబన్ అవతల కొండ ఇరిగి పడ్డదంటే ఎవ్వని వంతూ లేదు. బండ్లు మైళ్ల పొంటి నిలబడేటియి. సేట్లు ఫోన్ల మొత్తుకునేది, మేము బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టుకునేది. అందుకే నేను సామాన్ల లెక్క ఎప్పుడు గూడ పోయే దినాలకు కట్టలే, ఆగే దినాలకు కట్టేటోన్ని. బియ్యం, పప్పు, పల్లి పొడి, చింతపండు, ఉల్లిగడ్డలు, మీ నాయినమ్మ చేసిన సకినాలు ఒక డబ్బ, పంపు స్టవ్, గాసునూనె. పంజాబ్‌ల రొట్టెలు తిని తిని నోరు చప్పబడుతది, బనిహాల్ దాటితే మల్ల అన్నమే. కాశ్మీరోళ్లు మన లెక్కనే బియ్యం తినేటోళ్లు, ఆ సంగతి మనోళ్లకు మస్తుమందికి తెల్వది.

ఎన్కటి దారిల ఊదంపూర్ దాటినంక కుద్ వచ్చేది, ఆడ వేడివేడి పతీసా మిఠాయి తినకుండ మేము ముందుకు పోకపోయేది. ఎన్కట ఆడికెల్లి పట్నీటాప్ ఎక్కాలె, రెండు వేల మీటర్ల ఎత్తు, మంచు పడ్డదంటే చక్రాలకు గొలుసులు కట్టాలె. దిగేటప్పుడు ఏ గేర్ల ఎక్కినవో అదే గేర్ల దిగాలె, బ్రేకు మీద కాలు పెట్టి కూసుంటే బ్రేకులు కాలిపోతయి. బటోత్, రాంబన్, రామ్‌సూ, బనిహాల్. ఆడ జవహర్ సొరంగం, 1956 డిసెంబర్‌ల తెరిచిన్రు, రెండు గొట్టాలు. ఇవతల ఎండ ఉంటది, అవతల కాజీగుండ్‌ల మోకాలెత్తు మంచు ఉంటది.

అసలు చలి ఆడ మొదలైతది. డిసెంబర్ 21 నుంచి నలభై దినాలను చిల్లై కలాన్ అంటరు కాశ్మీరోళ్లు. నువ్వు పోతనంటున్నది సరిగ్గ అండ్లకే.

డీజిల్‌ల మైనం ఉంటది. చలికాలం మన కొబ్బరినూనె సీసల గడ్డకట్టినట్టు, అది చలికి తెల్లగ పేరుకొని ఫిల్టర్‌ల కూసుంటది. ఇంజన్ దగ్గుతది, ఆగుతది. కిందికెల్లి తెచ్చిన డీజిల్‌తోని ఆ తిప్పలు ఎక్కువ. కొందరు ట్యాంకు కింద గడ్డి మంట పెట్టేటోళ్లు. ఉస్తాద్ దగ్గరకు పోనియ్యకపోయేటోడు. మేము ఫిల్టర్ ఇప్పి వేడి నీళ్ల గుడ్డ చుట్టేది, ట్యాంకుల కొంత గాసునూనె కలిపేది. నువ్వు అది చెయ్యకు. నీది బీఎస్-6 బండి, గాసునూనె పోస్తే పంపు, ఇంజెక్టర్లు, సైలెన్సర్‌ల సామానంత ఖరాబైతది. జమ్ములకు ట్యాంకు ఖాళీగ పోయేటట్టు చూసుకో, ఆడి డీజిల్ నింపు, పైన మల్ల ఆడిదే నింపు. లడఖ్‌కని 2019ల వేరే డీజిల్ సుత తెచ్చిన్రు, మైనస్ ముప్పైమూడు దాంక గడ్డకట్టది, పానిపట్ రిఫైనరీల చేస్తరు. యూరియా నీళ్లు పోస్తవు చూడు నీ బండిల, అవి మైనస్ పదకొండుకు గడ్డకడతయి. దాని హీటర్ పనిచేస్తుందో లేదో ఈడనే చూపించుకో.

రేడియేటర్ల మాకు కూలెంట్ ఎక్కడిది, ఉత్త నీళ్లు. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతయి, ఇంజన్ బ్లాకు పగుల్తది. అందుకే మాపటికి బండి ఆపంగనే రేడియేటర్ నల్ల, బ్లాకు నల్ల రెండు ఇప్పి నీళ్లన్ని వదిలేటోళ్లం. నిద్ర మత్తుల ఎవ్వలన్న స్టార్ట్ చేస్తరని ఉస్తాద్ తన ఎర్ర రుమాలు స్టీరింగ్‌కు కట్టేటోడు. రుమాలున్నదంటే నీళ్లు లేవు. పొద్దుగాల స్టవ్ మీద నీళ్లు గోరువెచ్చగ చేసి పోసేది, మసిలే నీళ్లు పోస్తే చల్లటి ఇనుము పగుల్తది. బ్యాటరీ ఇప్పి దాబా లోపల కంబడి కింద పెట్టేది. బండిని వాలు మీద ఆపేది, సెల్ఫ్ తిరగకుంటే జార్చి స్టార్ట్ చేసుకోవచ్చు. హ్యాండ్ బ్రేక్ ఎయ్యకపోయేది, తడికి లైనర్లు డ్రమ్ముకు పట్టి గడ్డకడతయి, చక్రాల కింద రాళ్లు పెట్టేది. గాలి ట్యాంకుల నీళ్లు రోజు వదలాలె, లేకుంటే పైపుల మంచు కట్టి బ్రేకు పట్టది. ఈ ఆఖరిది నీ కొత్త బండికి సుత వర్తిస్తది, యాదుంచుకో.

ఒక్క మాట గట్టిగ చెప్త, విను. క్యాబిన్‌ల బొగ్గుల కుంపటి పెట్టుకొని అద్దాలు మూసి పండుకోకు. కాజీగుండ్ కాడ రోడ్డు మూసినప్పుడు మా పక్కపొంటి ఒక బండి నిలబడ్డది. పంజాబ్ బండి. రాత్రి మాతోని చాయ తాగిన్రు డ్రైవరు, క్లీనరు. పోరనికి ఇంక మీసాలు రాలే. తెల్లారి అందరి బండ్ల ముంగట స్టవ్‌లు ముట్టినయి, వాళ్ల తలుపు తెరుచుకోలే. అద్దం పలగ్గొట్టి చూస్తే కుంపటి కాళ్ల కాడనే ఉన్నది. ఆ గాలికి వాసన ఉండది బిడ్డా, దగ్గు రాదు, నిద్రలనే తీస్కపోతది. ఆ పోరని మొఖం నాకు ఇప్పటికీ కనపడుతది. కాశ్మీరోళ్లు కాంగ్డీ అని చిన్న నిప్పుల కుంపటి పట్టుకుంటరు, బట్టల లోపల పెట్టుకుంటరు, వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. నువ్వు రెండు రగ్గులు ఎక్కువ తీస్కపో. ఉన్ని టోపి, రెండు జతల మేజోళ్లు, అది చాలు.

ఇప్పుడు దారి మారింది, కాదనను. చెనాని కాడ తొమ్మిది కిలోమీటర్ల మీద సొరంగం 2017ల తెరిచిన్రు, పట్నీటాప్ ఎక్కుడు తప్పింది. బనిహాల్ కాడ జవహర్ సొరంగానికి నాలుగు వందల మీటర్ల కింద కొత్తది తవ్విన్రు, ఎనిమిదిన్నర కిలోమీటర్లు, 2021 నుంచి బండ్లు పోతున్నయి. అది తవ్వింది మన హైదరాబాద్ నవయుగ కంపెనీ. ఆ సంగతి విన్ననాడు నాకు మస్తు సంబురమైంది. మేము గొలుసులు కట్టుకుంట ఎక్కిన కొండ కిందికెల్లి మనోళ్లు దారి తీసిన్రు. గని రాంబన్ నుంచి బనిహాల్ దాంక కొండలు ఎన్కటియే. వాన పడ్డా, మంచు కరిగినా రాళ్లు దొర్లుతయి, రోడ్డు మూస్తరు. నీ ఫోన్ అక్కడ ఇన్ని గంటలని చెప్తది, ఆ కొండ దాని మాట వినది.

వచ్చేటప్పుడు సేపు పండ్లంటున్నవు. పండ్లు తెంపుడు నవంబర్‌కే అయిపోతది, నీకు దొరికేటియి కోల్డ్ స్టోరేజ్‌వి. అవి బయట మంచుల నిలబడితే పండు లోపల గడ్డకడతది, ఎండల కరిగినంక నల్లగైతది. బాటసింగారం మార్కెట్‌ల డబ్బ తెరిచి చూసినోడు రేటు తీసేస్తడు. తాడిపత్రి కింద గడ్డి మందంగ పరిపించు, పైన పడ్డ మంచు ఎప్పటికప్పుడు ఊడ్వు, బరువుకు తాళ్లు తెగుతయి.

ఇగ సేటు సంగతి. ఫలానా తారీఖుకు చేరుస్తనని మాటియ్యకు. తారీఖు మాటిచ్చినోడే మంచుల నడుపుతడు, మూసిన రోడ్డు మీద పక్క దారి వెతుకుతడు. జమ్ము అవతల ఆగిన ప్రతి దినానికి హాల్టింగ్ ఇంత అని బిల్టీ మీద రాయించుకో, నోటి మాట నమ్మకు. రాయనంటే ఆ లోడు వద్దు, ఢిల్లీ నుంచే ఖాళీగనో నిండుగనో ఎనుకకు రా. రాస్తనంటే జనవరి ఆఖరు దాంక ఆగి, చిల్లై కలాన్ ఎల్లినంక బయలెల్లు. సేటుతోని మాట్లాడుటందుకు రేపు నిజామాబాద్ నేను సుత వస్త, ఆ హాల్టింగ్ బేరం నీకు రాదు.